హరిబాబు నిమిషం

చల్లపల్లి,
5 జూన్ 2025

మా అన్నయ్య కొడుకు హరిబాబుకు,

మేనత్త పున్నమ్మ రాస్తున్నది. పోయిన ఏడాది మీ నాన్న సంవత్సరీకం నాడు నువ్వు పదిమందిలో కూర్చుని, మగ్గం వాళ్ళకు టైము విలువ తెలియదు, అందుకే అలాగే ఉండిపోయారు అన్నావు. ఆ రోజే నీతో నోరు విప్పి మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. కాగితం మీద రాయనని పెట్టుకోలేదు. సోమవారం, గురువారం చీరల మూటలు తీసుకుని వన్ టౌన్‌కు వచ్చే మన రాంబాబు చేతికి ఇది ఇస్తున్నాను. జవాబు రాసే తీరిక ఉంటే అతను తిరుగు బస్సు ఎక్కేలోపు ఇవ్వు. ఫోన్ చెయ్యకు, ఎత్తను.

సంగతి ఏమిటంటే, ఇక్కడ బస్టాండు వెనక ఆరు మగ్గాలతో నేత శిక్షణ కేంద్రం తెరుస్తున్నారు. పదిమంది ఆడపిల్లలకు నేర్పడానికి ఒక టీచరు కావాలట. నేను పేరిచ్చాను. మా ఇంట్లో మగ్గం గుంట పూడ్చేసి, పైన టైల్స్ పరిపించి, మా కోడలు జ్యోతిర్మయి అక్కడ డైనింగ్ టేబుల్ వేసిందని నీకు తెలుసు కదా. మంచి టేబులే, గట్టిగా ఉంది. నలభై ఏళ్ళు నేసిన చోట కూర్చుని పప్పన్నం తింటున్నాను. అడ్డపోగు విసిరే నాడె చేత పట్టి పద్నాలుగు నెలలైంది. ఈ పని దొరికితే మళ్ళీ రోజూ మగ్గం ముందు కూర్చుంటాను. నాకు కావలసింది అంతే, ఇంకేమీ లేదు.

అయితే టీచరు కావాలంటే ముందు కంప్యూటరు ఆట ఒకటి ఆడి చూపించాలట. విజయవాడ నుంచి వచ్చిన సంస్థ వాళ్ళు నిన్న నమూనాగా చూపించారు. తెర మీద పోగు తెగుతుంది. ఏ రంగు పోగు తెగిందో ఆ రంగు మీట నొక్కితే అతుక్కుంటుంది. వెంటనే ఇంకొకటి తెగుతుంది. పైన కుడి మూల అరవై, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది అంటూ ఒక అంకె తగ్గుతూ ఉంటుంది. అది సున్నా అయ్యేసరికి ఎన్ని అతికామన్నదే పరీక్ష. ఆట అయిపోయాక అడుగున చిన్న అక్షరాల్లో నీ పేరు కనపడింది. నాకు నవ్వాగలేదు.

ఒక్క మాట అడుగుతాను. జన్మలో ఒక్క పోగు అతకని నువ్వు మాకు పోగులు అతకడం పరీక్ష పెట్టావు, సరే, లోకం అలాగే ఉంది. ఆ అంకె ఎందుకు పెట్టావు? తెగిన పోగు అతికేటప్పుడు ఎవరైనా గడియారం చూస్తారా? చూస్తే కన్ను పక్కకు పోతుంది, ముడి లావవుతుంది, గుడ్డ మీద మచ్చలా నిలబడుతుంది. నీకు తెలియకపోతే అడగొచ్చు. అడిగితే అరిగిపోవు.

నీ మేనత్త,
పున్నమ్మ


విజయవాడ,
9 జూన్ 2025

పున్నమ్మ అత్తయ్య గారికి,

హరిబాబు నమస్కారాలు. మీ ఉత్తరం చదివి మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి చూపించాను. ఈ రోజుల్లో మూటల మధ్య ఉత్తరం పెట్టి పంపేవాళ్ళు ఉన్నారంటే ఎవరూ నమ్మలేదు. రాంబాబు కింద బట్టల కొట్టు ముందు నిలబడి బస్సు పోద్దని తొందర పెడుతున్నాడు కాబట్టి క్లుప్తంగా రాస్తాను.

స్క్రీన్ మీద టైమర్ లేకపోతే దాన్ని గేమ్ అనరు, కాలక్షేపం అంటారు. సమయం అయిపోతోందని కంటికి కనపడితేనే మనిషి చేతులు కదులుతాయి. మీకు అది ఒట్టి అంకె. దాని వెనక పని ఉంది. నల్ల గడిలో తెల్ల అంకె, చివరి పది సెకన్లు ఎరుపు, ఒక్కో సెకనుకు చిన్న టిక్కు శబ్దం. అది కుదరడానికి మూడు రోజులు కూర్చున్నాను. మీ కాలంలో పొద్దు చూసి లేచేవాళ్ళు, పొద్దు చూసి పడుకునేవాళ్ళు. నిమిషమంటే ఏమిటో మీ తరానికి చెప్పడం కష్టం.

పాస్ మార్కు నలభై ఐదు. నిర్ణయించింది నేనే. నిమిషంలో నలభై ఐదు పోగులు అతకలేని మనిషి పదిమందికి ఏం నేర్పుతుంది? నాకు యాభై ఎనిమిది వస్తాయి. మీకు ఇరవై దాటితే గొప్పే. అందుకని చెబుతున్నాను, ఈ వయసులో అందరి ముందూ తెర ఎదురుగా కూర్చుని తడబడటం ఎందుకు? పేరు వెనక్కి తీసుకోండి. పరువుగా ఉంటుంది.

హరిబాబు


చల్లపల్లి,
19 జూన్ 2025

చిరంజీవి హరిబాబుకు,

ఎప్పుడూ నువ్వు నువ్వు అనేవాడివి, ఈసారి మీరు అని రాశావు. మనిషిని దూరం పెట్టాలనుకున్నప్పుడు మర్యాద బాగా పనికొస్తుంది. మీ నాన్నకు ఈ తెలివి లేదు పాపం. నామీద కోపం వస్తే ఒసేయ్ అనేవాడు, కోపం పోయాక జీళ్ళు తెచ్చేవాడు.

సోమవారం పరీక్ష అయింది. చల్లపల్లి నుంచి పేరిచ్చింది ఇద్దరమే. నేనూ, రేణుకా. రేణుక అంటే మా వీధి చివరి కొండయ్య మనవరాలు, ఇరవై నాలుగేళ్ళుంటాయి, నా దగ్గరే నేత నేర్చుకుంది. కేంద్రానికి ఇచ్చిన కంప్యూటరు ఏ ఆఫీసులోనో వద్దని పక్కన పడేసినది. ఆన్ చేస్తే పిండిమర మోత. మీటల మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. రంగుల కాగితం ముక్కలు అంటించి ఇచ్చారు.

నాకు తొంభై ఆరు వచ్చాయి. మళ్ళీ చదువు, తొంభై ఆరు. రేణుకకు నూట పదిహేను. కేంద్రం చూసుకునే తిరుపతిరావు గారు రెండు అంకెలూ బోర్డు మీద సుద్దతో రాశారు. నువ్వు పెట్టిన నలభై ఐదును రెండుసార్లు దాటి ఇంకా మిగిలాయి. ఇరవై దాటితే గొప్పన్నావు కదా, ఆ గొప్ప ఎక్కడ పెట్టుకుంటావో పెట్టుకో. రేణుకకు నాకంటే ఎక్కువ వచ్చినా, నలభై ఐదు దాటినవాళ్ళలో అనుభవం చూసి ఇస్తామన్నారు. అందుకని ఆశగా ఉన్నాను. దాచుకోవడం ఎందుకు, చాలా ఆశగా ఉన్నాను.

ఒక్కటి మాత్రం నాకు బోధపడలేదు. నీ నిమిషం బాగా సాగింది. మధ్యలో కళ్ళజోడు తీసి, పైటతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నా ఇంకా ముప్ఫై ఎనిమిది అని చూపించింది. ఆ మాట తిరుపతిరావు గారితో అంటే, అమ్మా, మీరు కంగారులో ఉన్నారు, కంగారులో అలాగే అనిపిస్తుంది అన్నారు. కంగారులో ఉన్నవాళ్ళకు సమయం పరిగెత్తుతుందనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. చదువుకున్నవాళ్ళకు వేరేలా ఉంటుంది కాబోలు.

ఉంటాను,
తొంభై ఆరు పున్నమ్మ


విజయవాడ,
23 జూన్ 2025

అత్తయ్య గారికి,

మీ స్కోర్లు మీ ఉత్తరం కంటే ముందే సంస్థ నుంచి నాకు వచ్చాయి. నేను రాసిన గేమ్ ఇది. ప్రతి రంగూ ఎక్కడుందో నిద్రలో లేపినా చెప్పగలను. నాకు యాభై ఎనిమిది. టైపింగ్ నేర్చుకున్న మా ఆఫీసు అమ్మాయి సింధూరికి అరవై రెండు. అలాంటిది కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చున్న మీకు తొంభై ఆరు, ఆ రేణుకకు నూట పదిహేను. ఎవరి చెవిలో పెడతారండీ ఈ పువ్వు?

ఏం జరిగిందో నాకు తెలుసు. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు పక్కన నిలబడి మీటలు నొక్కారు. నాలుగు చేతులు కలిస్తే వంద రావడం వింత కాదు. మగ్గం మీద ఇద్దరు కూర్చుని నేసే అలవాటు మీకు ఎలాగూ ఉంది. ఇక్కడ దాన్ని మోసం అంటారు.

మా అత్త కదా అని నేను ఊరుకోలేదు. చల్లపల్లి కేంద్రంలో ఇద్దరి స్కోర్లూ నమ్మదగ్గవి కావు, వేరొకరి సాయంతో ఆడారు, రద్దు చేయండి అని సంస్థకు రాశాను. అందులో ఒకరు నాకు బంధువని కూడా రాశాను. నా నిజాయతీని మెచ్చుకున్నారు. మిగతా ఊళ్ళ కేంద్రాలకు కూడా ఇదే గేమ్ తీసుకుంటామన్నారు. మీ పేరు వెనక్కి తీసుకోమని నేను మర్యాదగా ముందే చెప్పాను. మీరు వినలేదు.

నిమిషం సాగిందన్నారు. స్క్రీన్ మీద కళ్ళెదురుగా ఒక్కొక్క సెకనూ తగ్గుతుంటే ఇంకా ఎలా సాగుతుంది? ఆడలేక మద్దెల ఓడు అనడం విన్నాను గాని, ఆడి గెలిచి మద్దెల ఓడు అనడం ఇప్పుడే వింటున్నాను.

హరిబాబు


చల్లపల్లి,
26 జూన్ 2025

హరిబాబుకు,

ఆశీర్వాదం ఈసారి లేదు. మనసులో లేనిది కాగితం మీద ఎందుకు?

నువ్వు పంపిన మాటను సంస్థ వాళ్ళు ఇక్కడికి పంపారు. మంగళవారం తిరుపతిరావు గారు కేంద్రంలో అందరినీ నిలబెట్టి చదివారు. మోసం అనే మాట చదివేటప్పుడు గొంతు తగ్గించారు. ఆయన మర్యాద అంతవరకూ వచ్చింది. బోర్డు మీది అంకెలు తడిగుడ్డతో తుడిచేశారు. రేణుక అక్కడే ఏడ్చేసింది. నేను ఏడవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొస్తుంటే దారిలో సుబ్బరత్నం కనపడింది. నా తోటిది, నాతోపాటు నేసింది. "పోన్లే వదినా, మగ్గం మీద ఆశకొద్దీ చేసుంటావు. ఎవురు మాత్రం చెయ్యరు?" అంది. నన్ను ఓదార్చిందట. తిట్టి ఉంటే బాగుండేది.

నలభై ఏళ్ళలో నా చీర ఒక్క అంగుళం తక్కువ వచ్చిందని ఏ షావుకారూ అనలేదు. మీ నాన్న పాండురంగయ్య వన్ టౌన్‌లో కొట్టు పెట్టినప్పుడు అందరి చీరలూ కొలిచి తీసుకునేవాడు, నావి కొలవకుండా తీసుకునేవాడు. ఆయన కొడుకువి నువ్వు.

సరే, ఇప్పుడు విను. నీ నిమిషాన్ని నేను కొలిచాను. మా నాన్న, అంటే మీ తాత, పొద్దున్నే రేడియోలో వార్తలు మొదలయ్యేసరికి మీ నాన్ననూ నన్నూ చెరో మగ్గం మీద కూర్చోబెట్టేవాడు. వార్తలు పది నిమిషాలు. అవి అయిపోయేలోగా నాడె ఐదు వందలసార్లు అటూ ఇటూ పోవాలి. తగ్గినా ఒప్పుకునేవాడు కాదు, పెరిగినా ఒప్పుకునేవాడు కాదు. పెరిగితే నేత పలచబడుతుందనేవాడు. అలా నా చేతికి నిమిషానికి యాభై అని పడిపోయింది. మా ఇంట్లో అన్నం వార్చడానికి కూడా అదే లెక్క. నిమిషమంటే ఏమిటో మా తరానికి చెప్పడం కష్టమన్నావు కదా, అందుకని ఇంత వివరంగా రాస్తున్నాను.

బుధవారం తిరుపతిరావు గారిని అడిగి కేంద్రంలో మగ్గం మీద కూర్చున్నాను. ముందు గదిలో రేణుక నీ ఆట మొదలుపెట్టి కేకేసింది, నేను నాడె కదిపాను. సున్నా అయ్యాక మళ్ళీ కేకేసింది. నూట ఇరవై. రెండోసారి నూట పంతొమ్మిది. మూడోసారి మళ్ళీ నూట ఇరవై. నీ నిమిషంలో నా నిమిషాలు రెండు పట్టి ఇంకా కొంచెం మిగిలింది. నీ గడియారం కుంటిది.

రేణుక తన ఫోన్‌తో చూద్దామంది. నేను వద్దన్నాను. ఒక తెర అబద్ధమాడిందని ఇంకో తెరను సాక్ష్యం పిలవాలా? నా చేయి చాలు.

పున్నమ్మ


విజయవాడ,
30 జూన్ 2025

అత్తయ్య గారికి,

మీ పరిశోధన చదివాను. గేమ్ అరవై సెకన్లు నడుస్తోందో లేదో చూడటానికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కితే సరిపోయేది. ఆ పిల్ల నొక్కుతానంటే వద్దని, మగ్గాన్ని సాక్ష్యానికి పిలిచారు. ఇది కోర్టులో చెబితే జడ్జిగారు భోజనానికి లేచిపోతారు.

మీ తాతల నాటి నాడె లెక్కను ఎవరు నమ్ముతారు? అరవై ఒక్క ఏళ్ళ చెయ్యి, పద్నాలుగు నెలలు మగ్గం ముట్టని చెయ్యి. కోపంలో వేగం పెరిగి ఉంటుంది. లేదా వంద దాటాక లెక్క తప్పి ఉంటుంది. కంప్యూటర్‌కు కోపం రాదు, లెక్క తప్పదు. ఆ తేడా తెలియకపోవడం వల్లనే మన వాళ్ళు గుంటలో కూర్చుని గుంటలోనే ఉండిపోయారు. నాన్న పైకి లేచాడు కాబట్టి నేను ఈ మాట రాయగలుగుతున్నాను.

అయినా ఈ రాద్ధాంతం ఇంతటితో ముగిద్దాం. పాత కంప్యూటర్ అన్నారు కదా. ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే సొలొమోను అని నా స్నేహితుడున్నాడు. వాడి కొట్టులో ఊళ్ళోకెల్లా ముసలి కంప్యూటర్ ఉంది. బుధవారం అక్కడికి వెళ్ళి నా గేమ్ పెట్టి, గడియారం పక్కన పెట్టుకుని చూస్తాను. అరవైకి అరవై వస్తుంది. ఆ తర్వాత మీరు సంస్థకు, నాకు క్షమాపణ రాసి పంపాలి. రేణుక చేత కూడా రాయించండి.

హరిబాబు


విజయవాడ,
3 జూలై 2025

అత్తయ్యా,

నిన్న సొలొమోను కొట్టుకు వెళ్ళాను. బేరింగుల డబ్బాలు పక్కకు జరిపి చోటిచ్చాడు. గేమ్ పెట్టాను. స్క్రీన్ మీద అరవై పడింది. సొలొమోను వాచీ చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి "నిమిషమైపోయింది గురూ, నీది ముప్ఫై అయిదు కాడే ఉంది" అన్నాడు. వాడి వాచీ తప్పనుకున్నాను. నా ఫోన్ తీశాను. ఎదురు కొట్టువాడి గోడ గడియారం కూడా చూసొచ్చాను. నాలుగుసార్లు ఆడించాను. రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. కేంద్రానికి ఇచ్చింది కూడా అదే రకం కంప్యూటరని కనుక్కున్నాను. నీ నాడె లెక్క సెకను కూడా తప్పలేదు.

ఎందుకిలా అయిందో చెబుతాను. స్క్రీన్ మీద బొమ్మ కదలాలంటే కంప్యూటర్ దాన్ని మళ్ళీ మళ్ళీ గీస్తూ ఉండాలి. నా కంప్యూటర్ సెకనుకు అరవైసార్లు గీస్తుంది. అందుకని అరవైసార్లు గీసినప్పుడల్లా టైమర్‌లో ఒక సెకను తగ్గించమని రాశాను. అన్ని కంప్యూటర్లూ నాదానిలాగే గీస్తాయనుకున్నాను. కేంద్రంలో ఉన్నది సెకనుకు పాతికసార్లే గీయగలదు. అది గీసింది లెక్కపెట్టాను గాని గడియారం చూడలేదు. ఇది గేమ్‌లు నేర్చుకునేవాళ్ళకు మొదటి వారంలో చెప్పే జాగ్రత్త. నేను అంకె రంగు గురించి మూడు రోజులు ఆలోచించాను.

జరిగింది జరిగింది. ఇప్పుడు ఎవరికీ ఇబ్బంది లేకుండా ఒక దారి చెబుతాను. టైమర్ సరిచేసి కొత్త గేమ్ పంపిస్తాను. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల మొదటి పరీక్ష చెడిందని సంస్థకు చెబుతాను. నువ్వూ రేణుకా మళ్ళీ ఆడండి. ఇంకో సంగతి, నీ తొంభై ఆరును అసలు నిమిషానికి కుదిస్తే నలభై వస్తుంది. పాస్ మార్కు నలభై ఐదు. కంగారు పడకు. దాన్ని ముప్ఫై ఎనిమిది చేస్తాను. ఆ అంకె నా చేతిలోనే ఉంది, ఎవరూ అడగరు. నీకు మగ్గం దొరుకుతుంది. నా పనీ నిలబడుతుంది. తప్పు నాదని కాగితం మీద రాస్తే మిగతా ఊళ్ళ పని నా చేతిలోంచి పోతుంది అత్తయ్యా.

సోమవారం రాంబాబు చేత ఒక్క మాట పంపు.

హరి


చల్లపల్లి,
7 జూలై 2025

హరిబాబుకు,

మీరు పోయి మళ్ళీ నువ్వు వచ్చింది. హరిబాబు పోయి హరి అయ్యావు. అవసరం మనిషిని ఎంత చిన్నవాణ్ణి చేస్తుందో చూశాను.

నలభై సంగతి నువ్వు చెప్పాలా? నూట ఇరవై అని నాడె చెప్పిన రోజే వేలు మడిచి లెక్కపెట్టుకున్నాను. నూట ఇరవై విసుర్లలో తొంభై ఆరు పోగులైతే యాభైలో నలభై. రేణుకకు నలభై ఏడు దాటతాయి. నీ గడియారం తప్పని నేను గట్టిగా అన్న కొద్దీ నా పని నాకే దూరమవుతుందని నాకు ఆ బుధవారమే తెలుసు. తెలిసే నీకు రాశాను. నువ్వు నన్ను ఎంత తక్కువ మనిషి కింద కట్టావంటే, ఆ లెక్క నాకు రాదనుకున్నావు, వస్తే దాచుకుంటాననుకున్నావు.

కరెంటు మీద తోస్తావా? కరెంటుకు నోరు లేదు గనుక సరిపోయింది. నన్ను దొంగ అన్నప్పుడు అనుమానం, బహుశా అని దాటవేయకుండా కాగితం మీద సంతకం పెట్టావు. మెచ్చుకున్నారని సంబరపడ్డావు. ఇప్పుడు నీ తప్పు వచ్చేసరికి ఎవరికీ ఇబ్బంది లేని దారి వెతుకుతున్నావు. ముప్ఫై ఎనిమిది చేస్తావట నాకోసం. ఎవరిదిరా ఆ దయ? కొలతలో అంగుళం కలిపి ఇచ్చేవాణ్ణి మీ నాన్న కొట్టు మెట్టెక్కనిచ్చేవాడు కాదు.

నాకు మగ్గం కావాలి. అది లేక నా చేతులు ఎలా ఉన్నాయో నేను ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పను. అయినా ముప్ఫై ఎనిమిది వద్దు.

నువ్వు చేయవలసింది ఇది. సంస్థకు రాయి. చల్లపల్లిలో ఇద్దరు ఆడవాళ్ళూ మోసం చేయలేదని రాయి. గడియారం తప్పు నడిచిందని, ఆ గడియారం పెట్టింది నువ్వేనని రాయి. ఆ పైన అసలు అంకెలు రాయి, పున్నమ్మకు నలభై, రేణుకకు నలభై ఏడు. నలభై ఐదు నలభై ఐదుగానే ఉండాలి. ఆ కాగితం నకలు నాకు పంపు. అది నా చేతికి వచ్చేదాకా నీ ఉత్తరం ఏదీ రాంబాబు ఇక్కడికి తేడు. అతనికి చెప్పాను.

పున్నమ్మ


విజయవాడ,
17 జూలై 2025

అత్తయ్యా,

నకలు ఇందులో పెట్టాను. నువ్వు చెప్పిన మాటలే, నువ్వు చెప్పిన వరసలోనే. వారం రోజులు ఆలస్యం చేశాను. మొదటి మూడు రోజులు నీమీద కోపంతో రాయలేదు. ఆ తర్వాత భయంతో రాయలేదు. సోమవారం రాసి నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆ సంస్థ పెద్దమనిషి రామకోటేశ్వరరావు గారు కాగితం చదివి, నేను చెప్పిందంతా విని, ఆ టైమర్ అంకెను ఇంకొంచెం పెద్దది చేయడం కుదురుతుందా, దూరం నుంచి కనపడటం లేదు అని అడిగారు. గంటసేపు వివరించాను. అంకె తప్పని చెబుతుంటే అంకె సైజు గురించే మాట్లాడాడు. ఇలాంటివాడు మెచ్చుకున్నాడని నీకు గొప్పగా రాశాను చూడు, అది తలచుకుంటే సిగ్గేసింది. చివరికి ఎవరో ఆయనకు అర్థమయ్యేలా చెప్పారు. అప్పుడు మిగతా ఊళ్ళ పని నాకు ఇచ్చేది లేదన్నారు. వేరే ఎవరికో ఇచ్చారు. నలభై ఐదు మాత్రం అలాగే ఉంచారు. అదెలా వచ్చిందని ఎవరూ నన్ను అడగలేదు. నాకు వచ్చిన యాభై ఎనిమిదిలోంచి నేను ఉజ్జాయింపుగా పదమూడు తీసేశానంతే. దాని వెనక ఇంకే శాస్త్రం లేదు.

సంవత్సరీకం నాడు అన్న మాట తప్పు. ఇది నీ జవాబు కోసం రాయడం లేదు.

హరిబాబు


చల్లపల్లి,
24 జూలై 2025

చిరంజీవి హరిబాబుకు,

మీ అత్త ఆశీర్వదించి రాస్తున్నది. నకలు అందింది. అక్షరాలు వంకరగా ఉన్నా మాట తిన్నగా ఉంది.

నిన్న తిరుపతిరావు గారు మళ్ళీ అందరినీ పిలిచి నీ కాగితం చదివారు. మోసం చేయలేదు అని చదివినప్పుడు ఒక్కరూ తలెత్తలేదు. సుబ్బరత్నం గోరు చూసుకుంటూ కూర్చుంది. పున్నమ్మకు నలభై అని చదివినప్పుడు మాత్రం అందరూ నావైపు తిరిగారు. మనిషి నిజాయతీ ఎవరికీ పెద్ద వార్త కాదు, ఓడిపోతేనే వార్త. ఇలాంటివాళ్ళ ముందు పేరు నిలబెట్టుకోవాలని నేను నెల రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అది తలచుకుంటే నామీద నాకే అసహ్యం వేసింది.

పని రేణుకకు ఇచ్చారు. న్యాయమే. మంచి చెయ్యి దానిది. పొద్దున్న వచ్చి, అమ్మమ్మా, రోజూ ఒక గంట వచ్చి నా పక్కన కూర్చోవా అని అడిగింది. రానన్నాను. నేను పక్కన ఉంటే పిల్లలు దానివైపు చూడరు, నావైపు చూస్తారు. టీచరు ఒక్కతే ఉండాలి.

నీ పని పోయినందుకు బాధపడ్డాను. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్. కానీ రాసినందుకు నిన్ను మెచ్చుకోను. చేసిన తప్పు ఒప్పుకున్నవాణ్ణి మెచ్చుకునే అలవాటు మన ఇంట్లో లేదు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. నువ్వు దొంగ అన్నప్పుడు నేను ఏడవలేదని రాశాను కదా. నిన్న ఇంటికొచ్చి, ఆ టేబుల్ దగ్గర కూర్చుని ఏడ్చాను. జ్యోతిర్మయి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. నలభై అన్న అంకె సరైనదే. ఇదివరకైతే ఆ ఆటలో అరవై దాటేదాన్ని, అది నా వేళ్ళకు తెలుసు. చెయ్యి ముసలిదైందని ఇంట్లో ఎవరూ నాతో అనలేదు, నేనూ అనుకోలేదు. నా అంతట నేనే కొలిపించుకుని, నీ చేత కాగితం మీద రాయించుకున్నాను.

ఆ ఏడుపు నీవల్ల వచ్చిందనుకోకు. నువ్వు అంతటివాడివి కావు.

మీ అత్త,
పున్నమ్మ